ఎవరో ఒకరు

పుస్తకంలో ఒక సంచి ఉంటుంది.
అందులో ఎర్ర బంతులు మూడు, నల్లవి ఐదు.
చూడకుండా ఒకటి తీయాలి.
మా పిల్లల ఇళ్ళల్లో చూడకుండా చేయిపెట్టే సంచి ఒక్కటీ లేదు,
బియ్యం సంచిలోకైనా ముందు తొంగిచూస్తారు.
అందుకని బంతులు వదిలేసి రూపాయి బిళ్ళలు తెచ్చాను.

బోరబండ గుట్ట మీది బడి,
పదో తరగతి బి సెక్షను, నాలుగో పీరియడు.
రెండు బిళ్ళలు ఒకేసారి ఎగరేస్తే
ఎన్ని రకాలుగా పడొచ్చని అడిగాను.

"మూడు సార్" అంది తరగతి మొత్తం, ఒక్క గొంతుతో.
రెండూ బొమ్మ. రెండూ బొరుసు. చెరొకటి.
అంతేగా, ఇంకేముంది.

నేను నాలుగన్నాను.
బొమ్మ బొరుసు వేరు, బొరుసు బొమ్మ వేరు అన్నాను.
"చూడనీకి ఒక్కతీరే ఉన్నయ్ గద సార్" అన్నాడు ఫయాజ్.
నిజమే. నేల మీద పడ్డాక
ఏ బిళ్ళ ఏదో ఆ బిళ్ళకే తెలియాలి.

సరే, ఎగరేయండి అన్నాను, వందసార్లు.
బెంచీల కిందికి దొర్లినవి,
ఫ్యాను రెక్కకు తగిలి టంగుమన్నవి,
కిటికీలోంచి దూకి గుట్ట దిగి
ఎంఎంటీఎస్ పట్టాల వైపు పోయినది ఒకటి
(అది నా జేబులోదే) తీసేయగా
బోర్డు మీద మిగిలిన సుద్దగీతలు:
రెండూ బొమ్మ ఇరవై నాలుగు,
రెండూ బొరుసు ఇరవై ఏడు,
చెరొకటి నలభై తొమ్మిది.
"బిళ్ళలు ఖరాబున్నయ్ సార్" అని తేల్చేశాడు ఫయాజ్.

అప్పుడు లేచింది జలజ.
ఆమెకో కవల అక్క, నీరజ. ఆ రోజు రాలేదు.
నీటిలో పుట్టిందనే రెండు పేర్లకూ అర్థం.
వాళ్ళ నానమ్మ ఏ ధైర్యంతో పెట్టిందో,
ఆ గల్లీకి ట్యాంకరు రోజు విడిచి రోజు,
వచ్చే రోజైనా ఏ వేళకో డ్రైవరుకే తెలీదు.

"సార్, ఇద్దరం బడికొస్తం, అది ఒకటి.
ఇద్దరం ఇంట్లనే ఉంటం, రెండు.
నేనొస్త, అక్క డ్రమ్ముల కాడ కూసుంటది.
అక్కొస్తది, నేను కూసుంట.
అమ్మనడిగితె ఆఖరి రెండూ ఒకటే అంటది.
ఎవరో ఒకరుంటె సాలు, నీళ్ళు పట్టాలె.
ఎవరన్నది అమ్మకు లెక్క గాదు.
నాకు లెక్కనే."

ఫయాజ్ మూడు కొట్టేసి నాలుగు రాసుకున్నాడు.
ఇరవై రెండేళ్ళుగా
నా సుద్దముక్కకు చేతకాని పని అది.

"మరి ఎవరుండాలో ఎట్లా తేలుస్తారమ్మా?"
"టాసేస్తం సార్. దసరా సెలవులైనంక పదకొండు సార్లు ఏసినం.
ఎనిమిది సార్లు నేనే ఓడిన."

సగానికి సగం రావాలని చెప్పబోయి ఆగాను.
ప్రయోగం చాలాసార్లు చేస్తే
సగానికి దగ్గరవుతుందని పాఠంలో ఉంది.
చాలాసార్లంటే ఎన్నని లేదు.
పరీక్షలు మార్చిలో.

గురువారం ఆ బెంచీలో నీరజ కూర్చుంది.
జరిగిన పాఠం మళ్ళీ చెప్పబోతే వద్దంది.
"నాలుగంట గద సార్. రాత్రి బిందెలు తోముకుంట చెప్పింది."
పెన్ను మూత తీసింది, పెట్టింది, మళ్ళీ తీసింది.
"ఒకటి అడగాలె సార్.
బిళ్ళ ఎగరేసేది ఎప్పుడూ అదే.
గుప్పిట్ల పట్టుకొని తనొక్కతే చూస్కుంటది,
అయ్యో, నేనే ఓడిన అంటది,
జేబులేస్కుంటది. నాకెన్నడూ చూపియ్యలే.
ఇట్లయితె సంభావ్యత ఎంతొస్తది సార్?"

బోర్డు మీద మొన్నటి వాక్యం ఇంకా చెరగలేదు,
'ఒక నిష్పాక్షికమైన నాణెం' అని మొదలయ్యేది.
డస్టరు చేతిలోకి తీసుకున్నాను.
గుట్ట కింద ఎక్కడో ట్యాంకరు హారను,
తరగతంతా కిటికీ వైపు తిరిగింది.
నీరజ మాత్రం నా వైపే చూస్తూ
నిలబడే ఉంది.