నాలుగు షిల్లింగుల పది పెన్నీలు

ఆయన విగ్గు పెట్టె మోసినవాణ్ణి నేను,
ఇరవై రెండేళ్లు.
యార్క్ నుంచి కార్లైల్ దాకా గుర్రబ్బండిలో
గుంట గుంటకీ ఎగిరిపడే పెట్టెను
ఒళ్లో అదిమి పట్టుకుని.
విగ్గు కింద మడిచిన నల్లగుడ్డ.
జానెడే. బరువంతా దానిదే.

జడ్జి ఓల్డ్‌రాయిడ్‌గారు నేతగాడి కొడుకు.
లండన్‌లో ఆ ఊసెత్తేవారు కాదు.
కానీ పెద్దల విందుల్లో, మాట మధ్యలో,
బల్లమీది గుడ్డ అంచు
బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలిగేది.
పడుగెంతో పేకెంతో
ఆ వేళ్లు వాటంతటవే లెక్కపెట్టుకునేవి.

మొదటి ఏడు, లాంకస్టర్.
టాబితా గ్రైస్. దుకాణంలో ఎత్తుకుపోయిన ఉన్నిగుడ్డ.
ఐదు షిల్లింగులు చేస్తే ఉరి.
జ్యూరీ పన్నెండుగురూ తలలు దగ్గర పెట్టుకుని
"నాలుగు షిల్లింగుల పది పెన్నీలండి" అన్నారు.
అబద్ధమని అందరికీ తెలుసు,
సొమ్ము పోయిన దుకాణదారుతో సహా.
అతనూ నోరు మెదపలేదు.
ఆయన మాత్రం "ఇలా తెండి" అన్నారు.
కళ్లు మూసుకుని తడిమారు.
"పదకొండుకి పైసా తగ్గదు. మళ్లీ ఆలోచించుకోండి."

నిజమే చెప్పారు. మంచి నేత అది.
వాళ్లు మళ్లీ ఆలోచించుకున్నారు.
నేను పెట్టె తెరిచాను.

ఆ రాత్రి సత్రంలో ఆయన ముద్ద ముట్టలేదని
చెప్పగలిగితే బాగుండును.
తిన్నారు. మారు వడ్డించమన్నారు కూడా.

ఎప్పుడు మారారో నాకు తెలీదు.
తండ్రి పోయాక
హాలిఫాక్స్ నుంచి పాత మగ్గం బండిమీద వచ్చింది.
ఇంట్లో కాదు, గుర్రాల సాలలో దింపించారు.
అప్పుడప్పుడు లాంతరు పట్టుకుని వెళ్లేవారు.
నన్ను రావద్దనేవారు.

డర్హామ్‌లో, ఆఖరి ఏడుకి ముందటేడు,
మళ్లీ ఒక పిల్ల, మళ్లీ ఉన్నిగుడ్డ,
మళ్లీ అదే నాలుగు షిల్లింగుల పది పెన్నీలు.
దుకాణదారుడి వకీలు నవ్వుతూ గుడ్డ చాపాడు:
"మైలార్డ్ వేళ్ల సంగతి లోకానికంతా తెలుసు.
ఒక్కసారి తడిమి చూస్తే..."
ఆయన రెండు చేతులూ బల్ల కిందికి తీసుకున్నారు.
"కీళ్లవాతం. స్పర్శ పోయింది.
జ్యూరీవారి లెక్కే నా లెక్క."

పిల్లను ఓడెక్కించారు.
ఆ తర్వాత ఏమైందో వినలేదు.

తిరుగుబండిలో వాన. ఇద్దరం మాట్లాడుకోలేదు.
డార్లింగ్టన్ దాటాక చూస్తే
నా కోటు అంచు ఆయన వేళ్ల మధ్య ఉంది.
"ఎక్కడ కొన్నావయ్యా ఇది?
మోసపోయావు. సగం నూలు కలిపాడు."