ఒకటిన్నర మిల్లీమీటరు

బాలానగర్ల మా షెడ్డుకు
ఆపరేషన్ థియేటర్ సిస్టరొచ్చింది, ప్రిస్కిల్లా.
గాజుగుడ్డల చుట్టి తెచ్చిన స్క్రూడ్రైవరు
లేత్ పక్కన పెట్టి అన్నది:

"తల తెరిచి ఉంటది.
ప్లేటు బిగించేటప్పుడు
నువ్వుగింజంత మర
ఈ కొసన నిలవది, జారుతది.
ఏడ పడ్డదో అని
నలుగురం ఊపిరి బిగబట్టి దేవులాడుతం.
లెక్క కలిసేదాక
తల మూయనియ్యను నేను."

గఫూర్ ఉస్తాద్ కంటికి అద్దం పెట్టుకున్నడు.
"అంచులు అరిగినయ్ బిడ్డా,
పట్టు పోయింది, మొండితనం మిగిలింది."

పన్నెండు కొసలు కోసినం.
ఒకటి మర తలనే తెంపింది.
ఒకటి పట్టిందంటే పట్టింది,
లోపలికి దిగినంక గూడ విడువది,
వెనక్కి గుంజితే మరతోనే వచ్చింది.
"బుర్ర వాడుండ్రి" అని రోజూ తిట్టే ఉస్తాద్
మోండా మార్కెట్ నుంచి
బస్తా కొబ్బరిబుర్రలు తెప్పిచ్చిండు.
నెల రోజులు వాటికే బిగించినం.
పోరగాండ్లకు పొద్దుమాపు కొబ్బరి పచ్చడే.

పదమూడోదాన్ని తలకిందులు చేసి
బల్లకేసి కొట్టిండు ఉస్తాద్.
మర కదల్లే.
బుర్రల దిగింది,
వేలెడు పక్కకు వంచితె
మెల్లగ విడిచింది.
ఎవరూ ఏమనలే. ఛాయ్ చల్లారింది.

వానల్ల ఒకరోజు ఫోను:
"ఇయ్యాల ఎనిమిది మరలు.
ఎనిమిదీ ఉన్నయ్."
ఎవరి తలనో చెప్పలే,
నేనడగలే.
మల్ల పంపు షాఫ్టుల పనిల పడ్డం.

ఆ రాత్రి పండుకున్న బిడ్డకు
చెదిరిన జుట్టు సవరిస్తుంటె
నా చెయ్యి
ఎందుకో మెల్లగ పోయింది.