అడుగు పొర

ఖిష్తా డబ్బా మూతమీద తేదీ
రేపటిదాకానే ఉంది.
"ఖుదీ, ఖుదీ" అంటా మామా నా సంచిలో పడేసింది.
అట్ల మొదలైంది ఇది.

ఫర్వానియాలో, వారానికొక పూట మాదయ్యే గది.
ఆరు మంచాలు, ఒకటే పొయ్యి,
ఫ్రిజ్జులో అరకొక పేరు.
శుక్రవారం మధ్యాన్నం నలుగురుంటిమి.
షమీమ్ అడిగింది,
"అక్కా, ఆ ఇంట్లో చుట్టాలొస్తే
పొరలు పొరలుగా ఏందో పెడతావంట గదా,
అది చెయ్యి."

కండ్లు మూసుకోనైనా చేస్తా.
బిస్కెట్లు పాలల్లో ముంచేది తీసేది ఒక్క ఊపిరిలో,
నాననీకూడదు.
దానిమీద గింజ తీసి చిదిమిన ఖర్జూరం.
దానిమీద చక్కెర మూడు గరిటెలు పోసి గిలక్కొట్టిన ఖిష్తా,
అరటిపండు, మామిడి, మళ్లా బిస్కెట్లు.
అన్నిటికీ పైన పిస్తా పొడి.

బకాలాలో పిస్తా ధర అడిగి
మేరీరత్నం చెయ్యి కాలినట్టు వెనక్కొచ్చింది.
ఓబులమ్మ మంచం కిందనించి సూటుకేసు లాగింది.
రాజంపేట నించి పోయిన నెల
ఎవురిచేతో తెప్పిచ్చుకున్న చెనిక్కాయలు.
వేయించి, పొట్టు ఊదుకుంటా
"ఇవి పప్పులు గావా ఏంది?" అనింది.

అరటిపండు కోస్తానే నల్లబడతాది.
ఆ ఇంట్లోనైతే వంటింటిక్కూడా ఏసీ.
ఇక్కడ ఉక్క.
నిమ్మచెక్క పిండినా, వేరే దోవ లేక.

గాజు గిన్నె యాడ తెచ్చేది?
బియ్యం కడిగే స్టీలు గిన్నెలో పేరుస్తా ఉంటే
షమీమ్ పక్కకొచ్చి వంగి చూసింది,
"పొరలు కనపడలేదే అక్కా!"

కనపడవు.
మామా ఇంట్లో చూసేదానికే చేస్తారు.
గాజుకు వేలిముద్ర అంటకుండా గుడ్డతో పట్టుకోని
ఆడోళ్ల మధ్యన పెడితే
గిన్నెను చూసి "మాషాల్లా" అంటారు.
నేను తలుపు దగ్గర నిలబడి పక్కనించి చూస్తా,
గోధుమరంగు, తెలుపు, పసుపు.
ఆరేండ్ల నించీ నాకు దాని పక్కలు తెలుసు.
గరిటెకంటిన ఖిష్తా తెలుసు.
అడుగున మిగిలింది నాదాకా వచ్చేసరికి
సబ్బునీళ్లల్లో ఉంటాది.

ఫ్రిజ్జులో తావు కోసం
పక్కగది కేరళామె చేపలు జరిపినాం, చెప్పకుండానే.
నాలుగు గంటలు గట్టిపడాల.
ఓబులమ్మ అరగంటకొకసారి తలుపు తీసి
"ఇంగా కాలేదా?" అంటాది.
ఆమె తీసినప్పుడంతా అది ఇంకో పది నిమిషాలు వెనక్కి.
ఆ సందులో మేరీరత్నం జడ వేయించుకునింది,
బాగాలేదని విప్పి
మళ్లా వేయించుకునింది.

మగ్రిబ్ బాంగు అయినాంక తీసినా.
"పైపైన తినొద్దండి!" అని అరిచినా,
"చెంచా అడుగుదాకా దించండి,
అన్నీ ఒకేసారి నోట్లోకి రావాల."
ఆ మాట నాది కాదు.
మామా తన చుట్టాలకు చెప్పేది.

నేనూ దించినా.
బిస్కెట్టు మెత్తగా,
ఖర్జూరం అంగిటికి అంటుకుంటా,
అరటిపండు నించి సన్నగా ఒక పులుపు,
ఆఖర్న చెనిక్కాయ
పంటికింద పటుక్కుమని.

తీపి ఎక్కువైంది.
మూడు గరిటెలు, మొదటిరోజు మామా చూపిచ్చిన లెక్క.
ఆరేండ్లు అట్లనే పోసినా,
ఎవురూ ఏమనలేదు.
ఈ పొద్దు నిమ్మకాయ అడ్డం పడబట్టి
సరిపాయె.

"ఎట్లుంది?" అని అడిగితే
ఓబులమ్మ తల ఎత్తలేదు.
గిన్నె వంచి అడుగు గీకతా ఉంది,
స్టీలుమీద చెంచా చప్పుడు
చేపలామె గదిదాకా పోయింటాది.

బేస్తవారం మళ్లా చుట్టాలొస్తారంట ఆ ఇంటికి.
రెండు గరిటెలే పోస్తా.
జేబులో ఒక నిమ్మకాయ పెట్టుకోని పోతా,
చెప్పను.
గాజులోంచి అది కనపడదు.