పదిహేడో చప్పుడు

కావెంట్రీలో వాన. నాలుగో అంతస్తు.
చల్లారిన టీ కప్పుల మధ్య ఒకటే అంకె:
మన కారు కొనేవాళ్ళ సగటు వయసు అరవై ఎనిమిది.
నిరుడు అరవై ఏడు.
"అంటే వాళ్ళే వాళ్ళు. కొత్త మొహం ఒక్కటీ లేదు" అన్నాను.
ఎవరో నవ్వారు. నేను నవ్వించడానికి అనలేదు.

ధర తగ్గిస్తే పేరు పోతుంది.
తగ్గించకపోతే పేరొక్కటే మిగులుతుంది.
చిన్న కారొకటి చేద్దామా అంటే
పెద్ద కారున్నవాళ్ళు మొహం తిప్పుకుంటారు,
ఎదురింటి కుర్రాడి ముంగిట్లో అదే గుర్తు కనబడితే
తమ బంగారం ఇత్తడైపోయినట్టు.
అమ్మాలి, అమ్ముతున్నట్టు ఉండకూడదు.
పిలవాలి, గొంతెత్తకూడదు.
ఈ ఉద్యోగంలో నాకు జీతమిచ్చేది
ఈ రెండు ముక్కల మధ్యనున్న సందుకి.

ఇప్పుడిక ఇంజిన్ కూడా పలకదు. కరెంటు బండి.
తొంభై ఏళ్ళు ఏ గురగుర చూపి బతికామో
అది మ్యూజియంలో అద్దాల వెనక పడుకుంది.
మిగిలింది తలుపు.
"షోరూములో మనిషి మొదట వినేదీ, ఆఖరున వినేదీ అదే.
ఆ చప్పుడులో మనం ఉండాలి"
అంది మా డైరెక్టరు రోవెనా,
గాలిలో లేని తలుపొకటి మూసి చూపిస్తూ.

మూడు వారాలు చప్పుళ్ళు పట్టాం.
గ్లిన్ పాము చెవులవాడు, మాట పొదుపు.
రబ్బరు మార్చాడు, గొళ్ళెం మార్చాడు, రేకు వెనక తారు పూశాడు,
నలభై సార్లు నలభై రకాలుగా మూశాడు.
ప్రతి చప్పుడుకీ నేనొక మాట రాయాలి.
ఇంగ్లీషులో ఒక్క థడ్ దొరికితే దాన్నే సాగదీశాను:
మెత్తని థడ్, నిండైన థడ్, వంశపారంపర్యపు థడ్.
కాగితం అంచున మాత్రం, నాకోసం,
ఇది ఠప్పు. ఇది దభీ. ఇది టక్కు, లెక్కల మాస్టారిది.
తొమ్మిదోది ఢామ్మని, కంచం ముందు నుంచి అలిగి లేచినవాడిది.
ముప్ఫయ్యోది కిర్రుమని సణిగి గానీ పడనిది.

లెమింగ్టన్‌లో ఒక హోటల్. పన్నెండుమంది, కళ్ళకు గంతలు.
రిటైరైన జడ్జి, పళ్ళ డాక్టర్ల జంట,
ఫుట్‌బాల్ ఆటగాళ్ళ బేరాలు కుదిర్చే ఇరవై ఆరేళ్ళ కుర్రాడు,
వాడి కోసమే ఇదంతా.
పదిహేడో చప్పుడుకి అందరి భుజాలూ ఒకేసారి కిందికి దిగాయి.
"ఇక నన్నెవరూ ఏమీ అడగరనిపించింది" అన్నాడు జడ్జి.
"దీనికి ఎంతైనా ఇస్తాను" అన్నాడు కుర్రాడు.

గ్లిన్ నన్ను కారిడార్లోకి లాగాడు. చెవులు కందిపోయాయి.
పదిహేడోది కారు కాదు.
మైకు ఆపడం మరిచి టీకి వెళ్ళాడట.
అది కింద క్యాంటీనులో కోల్డ్ రూము తలుపు.
వంటావిడ బెరిల్ రెండు చేతుల్లో పాలక్యానులతో
తుంటితో నెట్టిన తలుపు.

రోవెనా చాలాసేపు కిటికీలోంచి కార్ పార్కు చూసింది.
"ఎవరికీ చెప్పకండి. కట్టండి" అంది.

తలుపుని తూచారు, కొలిచారు, ఎక్స్‌రే తీశారు.
రాలేదు.
చివరికి బెరిల్‌నే ల్యాబుకి పిలిచి
కారు తలుపు తుంటితో నెట్టమన్నారు. పదకొండుసార్లు.
రాలేదు.
"చేతులు ఖాళీగా ఉంటే ఎలా వస్తుందమ్మా" అందావిడ.
పాలక్యానులు తెప్పించారు.
వచ్చింది.

వసంతంలో విడుదల. రెండు లక్షల పద్నాలుగు వేల పౌన్లు.
ఆ క్షణం మీద పన్నెండు పేజీలు రాశాను, ఒక్క అబద్ధం లేకుండా,
పాల ఊసు లేకుండా.
నా కాగితం అంచున పదిహేడు ఎదురుగా
ఇంకా ఏమీ రాయలేదు.

బెరిల్‌కి పాతిక పౌన్ల కూపన్ ఇచ్చారు.
సాయంత్రం స్టాపులో నా ముందు నిలబడి ఉంది,
గొడుగు మరిచి, తుంటి నొక్కుకుంటూ.
బస్సెక్కింది.
తలుపు ఉస్సురుమంది.