వంతు

కంపెనీవాళ్ళు నిన్న ఫోనుకి పంపారు:
వచ్చే నెల నించి పదకొండు హెచ్‌డీ ఛానళ్ళు కొత్తగా.
పంపినవాడికి పైన ఎంత చోటుందో
తెలుసో లేదో.

మా నాన్న లొల్ల లాకుల దగ్గర లస్కరు.
ఇనప చక్రం తిప్పి తలుపు నాలుగు వేళ్ళు లేపితే
ఎన్నెకరాలు తడుస్తాయో
నీళ్ళ చప్పుడు విని చెప్పేవాడు.
కాలవ కడుపు ఇంతే, అనేవాడు,
ఎగువ చేలో మోకాలి లోతు పెడితే
శివారు చేలో నెర్రెలు.
దాళ్వా రోజుల్లో రాత్రి రెండింటికి
తిట్టడానికి వచ్చినవాళ్ళకి
ముందు బీడీ ఇచ్చి
తరవాత లాంతరెత్తి గేజీ రాయి మీద అంకె చూపించి పంపేవాడు.

నేను డిష్షులు బిగిస్తాను.
ఆకాశానికి లస్కర్ని అంటే
మా ఆవిడ నవ్వుతుంది.
అంబాజీపేట నించి ఓడలరేవు దాకా
పెంకుటిళ్ళ మీదా డాబాల మీదా
రొయ్యల చెరువు కాపలా పాకల మీదా
నేను దక్షిణానికి తిప్పిన మొహాలే.
సముద్రాన్ని చూస్తున్నాయనుకుంటారు కొత్తవాళ్ళు.
అవి చూసేది ముప్ఫయ్యారువేల కిలోమీటర్ల ఎత్తున
కదలనట్టు కనబడే ఒక పెట్టెని.
దాని కడుపూ ఇంతే.

ఒక్కో ట్రాన్స్‌పాండరు ఒక్కో పిల్లకాలవ.
మామూలు ఛానళ్ళయితే ఇరవై పారతాయి,
హెచ్‌డీవి ఐదో ఆరో.
కొత్తది పెట్టాలంటే పాతది తియ్యాలి,
తియ్యకపోతే అన్నిట్నీ కాస్త కాస్త నొక్కాలి.
నొక్కితే ఏమవుతుందో క్రికెట్టు చూసేవాళ్ళు చెబుతారు,
గడ్డంతా పాచిలా అలుక్కుపోయి
బంతి అందులో మునిగిపోతుంది.

నేనెప్పుడూ శివారు వాళ్ళ పక్షమే.
హెచ్‌డీ అంటే ఎగువ రైతు,
రొయ్యల ఆసామి హాల్లో గోడంత టీవీ,
రెండు మోటార్లున్నవాడి దాహం
అనుకునేవాణ్ణి
దంగేటి పుణ్యవతి ఇంటికి వెళ్ళేదాకా.

పీచు మిల్లులో తాడు పేనుతుంది. పుట్టు చెవుడు.
మేనకోడలు గుమ్మంలో నిలబడి
"బొమ్మ బాలేదంటందండి" అంది.
సిగ్నలు చూశాను, తొంభై రెండు.
వైరు మార్చాను. డిష్షు అరంగుళం జరిపాను.
బొమ్మ బాగానే ఉంది కదండీ అన్నాను, ఎవరితో అంటున్నానో మర్చిపోయి.
ఆవిడ తల అడ్డంగా ఊపి
తెర దగ్గరికెళ్ళి కింది మూల వేలు పెట్టింది.

మూల అగ్గిపెట్టెంత గడిలో
నీలం చీర మనిషొకావిడ చేతులతో వార్తలు చెబుతోంది.
చెయ్యి కదిలినప్పుడల్లా
వేళ్ళు గళ్ళు గళ్ళుగా విడిపోయి
మళ్ళీ అతుక్కునేలోపు మాట దాటిపోతోంది.
రెండు వేళ్ళో మూడో తెలీదు.
తుఫానొస్తోందో తప్పిపోయిందో తెలీదు.

ఇరవై ఏళ్ళుగా బిగిస్తున్నాను.
చెవులున్నవాణ్ణి గనక
బొమ్మ చెడినా మాట వినబడితే చాలనుకున్నాను.

పుణ్యవతి తన చెయ్యి నా మొహం ముందు పెట్టింది.
పీచు కోసిన గీతలు, బొటనవేలి మొదట్లో కాయ,
ఐదు వేళ్ళూ విడివిడిగా.
అంతే అడుగుతోంది.

ఆ ఛానలుకి పై లెక్కలో వంతు తక్కువ,
చూసేవాళ్ళు తక్కువని.
చూసేవాళ్ళు తక్కువ,
వేళ్ళు కనబడవని.
ఈ రెంటి మధ్య తలుపు చక్రం ఎవరి చేతిలో ఉందో
ఫోనెత్తిన అమ్మాయికి తెలీదు.
రాసుకున్నాను సార్ అని
కొత్త పదకొండింటి పేర్లూ చదవబోయింది.
అందులో చేతులతో మాట్లాడేది ఉందా అమ్మా, అన్నాను.
కాసేపు ఏమీ అనలేదు.
ఆమె వెనక ఇంకా ఎవరెవరివో గొంతులు,
రాత్రిపూట లాకు దగ్గర గుంపులా.

డబ్బులెంతన్నట్టు పుణ్యవతి వేళ్ళు చూపించింది.
నాలుగు.
వద్దన్నాను, నేనూ చేత్తోనే.
ఇంకేదో అన్నట్టున్నాను,
మేనకోడలు నోటికి పైట అడ్డం పెట్టుకుని నవ్వింది.