గడ్డం

ఎస్తోనియా చిత్తడి నేలలో
చెక్కల బాట మీద ముందు నడుస్తూ
ఇరవై ఏళ్లు జనంతో వీపుతోనే మాట్లాడాను.

"మీ పెదవులు కనబడవు"
చీటీ రాసి చూపింది విర్వె.
మర్నాడే గడ్డం తీసేశాను. మా ఆవిడ ఒకటే నవ్వు.

ఇప్పుడు ఆగుతాను. వెనక్కి తిరుగుతాను.
ఎండ నా మొహాన పడాలి, వాళ్ల కళ్లలో కాదు.
ముందు వేలు చూపడం, అది చూశాకే మాట.

అయినా నిన్న పొరబడ్డాను:
సారసాల కేక వినడానికి
అందరినీ కళ్లు మూసుకోమన్నాను.
విర్వె మూసుకోలేదు.

మంచులో ఎర్రటి నడినెత్తి,
దాని వెనకే గోధుమరంగు పిల్ల
ఎత్తిన కాలు నీళ్లలో పెట్టడానికి జంకుతూ.
చూసింది ఆమె ఒక్కతే.

ఆ జంకుని వేళ్లతో చేసి చూపింది.
నాకింకా సరిగా పట్టుబడలేదు.
చుబుకానికి చలేస్తోంది.