ఎడమ బూటు

సముద్రం మీంచి ఉప్పుగాలి, బార్లీ చేల మీంచి దుమ్ము.
మైదానం చుట్టూ ముక్కులు లోపలికి పెట్టి నిలిపిన కార్లు,
గోల్ పడ్డప్పుడల్లా హారన్లు మోగించడానికి.

మూడో క్వార్టర్లో బంతి కోసం ముగ్గురు ఎగిరారు,
ఇద్దరు కాళ్ళ మీద దిగారు.
జాగో పెన్‌హాల్, పందొమ్మిదేళ్ళవాడు,
చెవి వెనక మోకాలు తగిలి గోనెసంచిలా పడ్డాడు.
చేతులు రెండూ గాల్లో బిగుసుకుని
ఒక్క క్షణం అలాగే ఉండిపోయాయి,
కనిపించని మనిషినెవరినో తోసేస్తున్నట్టు.

నోరీన్ ట్రెగెంజా పరిగెత్తదు.
అరవై నాలుగేళ్ళు, తుంటి కీలు మార్పించుకుంది.
నడిచే వెళ్ళి, వాణ్ణి గీత బయటికి తెప్పించి
బెంచీ మీద కూర్చోబెట్టింది.
జేబులో ప్రశ్నలు రాసిన అట్టముక్క ఉంది, తియ్యలేదు.

ఇది ఏ మైదానం?
ఇప్పుడు ఎన్నో క్వార్టర్?
చివరి గోల్ ఎవరు కొట్టారు?
పోయిన వారం ఎవరితో ఆడాం?
గెలిచామా?

మొదటిది చెప్పాడు. రెండోదానికి నవ్వాడు.
మూడోదానికి, "అమ్మ వచ్చిందా?" అన్నాడు.

ఇవే ప్రశ్నలు కొన్ని రాత్రులు
వంటింట్లో క్లెమ్‌ని అడుగుతుంది, అడగకూడదని తెలిసీ.
ఈ క్లబ్బుకు రెండువందల పదకొండు ఆటలు ఆడినవాడు.
పోయిన వారం అంటే
ముప్పై ఎనిమిదేళ్ళ కిందటి శనివారం చెబుతాడు:
వాన, బురద, పదకొండు పాయింట్ల తేడా,
సైరన్ మోగాక ఎవరు ఎవర్ని భుజాన ఎత్తుకున్నారో.
టీ కప్పులు ఏ అరలో ఉంటాయో చెప్పలేడు.
గెలిచామా అంటే ఒక్కోసారి
ఆమెనే అడుగుతాడు, భయంగా.

ఆ రోజుల్లో ఘాటు వాసన సీసా ఒకటుండేది.
ముక్కు కింద పెడితే పడ్డవాడు లేచి కూర్చునేవాడు.
ఆ సీసా పట్టుకున్న చెయ్యి నోరీన్‌దే.
"బుర్రలో గంట మోగింది, అంతే, పో" అన్నదీ తనే.
జనం చప్పట్లు కొట్టేవారు.
ఆ చప్పట్లలో తన వాటా ఆమెకు ఇష్టంగానే ఉండేది.

తలకు తగిలింది తలపుకు తగలదని
ఎలా అనుకున్నాం?

డర్హామ్ గనుల నుంచి వచ్చిన వాళ్ళ నాన్న
తడిసి రాయైన తోలుబంతిని నుదుటితో కొట్టేవాడు,
బంతి కుట్లు చర్మం మీద అచ్చుపడేవి.
చివరి ఏళ్ళలో గ్యాస్ తిప్పి, అగ్గిపుల్ల మరిచిపోయేవాడు.
టౌన్స్‌విల్‌లో చెల్లెలి మొగుడు, రగ్బీ లీగ్,
మిట్టమధ్యాహ్నం కర్టెన్లు వేసుకుని కూర్చుంటాడు.
మేనకోడలు మెత్తటి టోపీ పెట్టుకుని ఆడుతుంది:
అది చెవుల్ని కాస్తుంది, లోపల ఊగేదాన్ని కాదు.
టీవీలో అమెరికావాళ్ళకి గట్టి హెల్మెట్లు,
వాటితోనే పొట్టేళ్ళలా ఢీకొంటారు.
బంతి గుండ్రంగా ఉన్నా కోలగా ఉన్నా
పుర్రె కొలత మారదు.

"పది నిమిషాలు చూసి పంపించు నోరీన్!" కోచ్ అరుపు.
"ఒక్క గోలే తేడా!"
హారన్ ఒకటి మోగింది, దాని వెనక ఇంకోటి.
జాగో లేచాడు, బాగానే ఉన్నానన్నాడు,
కార్ల వైపు పరుగు మొదలెట్టాడు.

పట్టుకుని మళ్ళీ కూర్చోబెట్టింది.
తుంటి కలుక్కుమంటుంటే వంగి
వాడి ఎడమ బూటు లేసు విప్పి, లాగి,
తన సంచిలో పడేసి జిప్పు మూసింది.

"ముసలి దొంగ" అన్నారెవరో.
నవ్వుతూ అన్నారో లేదో తిరిగి చూడలేదు.
వాళ్ళమ్మ కారు తాళాలు పట్టుకుని వస్తోంది.
ఆసుపత్రి నలభై నిమిషాలు.

రాత్రి సంచి దులిపితే బూటు నేలమీద పడింది.
ఇవ్వడం మరిచేపోయింది.
క్లెమ్ దాన్ని ఒళ్ళో పెట్టుకున్నాడు,
గోటితో బురద గీకాడు,
లేసు ఒక్కో కన్నంలోంచి తీసి మళ్ళీ ఎక్కించాడు,
ఎక్కడా తడుముకోలేదు.
రెండు ముళ్ళు వేసి, బిగించి,
వెలుతురులో తిప్పి చూశాడు.

"నా సైజు కాదే ఇది" అన్నాడు.